పాలు పొంగేలోపు

పాలు పొంగేలోపు నాలుగు కార్డులు పూర్తిచెయ్యొచ్చు. కార్డుకు తొమ్మిది చొప్పున ముప్పై ఆరు సున్నాలు. మంట తగ్గిస్తే ఐదో కార్డు కూడా అయిపోతుంది గానీ, మంట తగ్గిన సంగతి పక్క గదిలో ఉన్న అత్తయ్యకు ఎలా తెలుస్తుందో, టీ ఇవాళిస్తావా రేపటిదాకా ఆగమంటావా అని గొంతు వినిపిస్తుంది. అందుకని నాలుగే, మిగతావి అన్నం ఉడికేలోపు. రెండేళ్లుగా ఆమె పొద్దు ఇలాగే మొదలవుతోంది. ఎడమచేతిలో గరిటె, కుడిచేతిలో పెన్ను, ఒక కన్ను గిన్నె అంచు మీద, ఇంకో కన్ను కార్డు మీద. పెట్టగా పెట్టగా చెయ్యి తిరిగిపోయింది. ఒకదానికొకటి తగలకుండా, గీత దాటకుండా, బుద్ధిగా వరసలో కూర్చున్న పిల్లల్లా ఉంటాయి ఆమె సున్నాలు.

వీధుల్లో ఆమెను బీపీ అక్క అంటారు. సందు మొదట్లో ఆమె కనబడగానే, బీపీ అక్క వస్తోంది ఉప్పు డబ్బా దాచండర్రా అని ఎవరో ఒకరు కేకేస్తారు, అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. దేశం మొత్తానికి ఒకటే కార్యక్రమం, ఒకటే కార్డు. ముప్పై దాటిన ప్రతి మనిషికీ రక్తపోటు చూడాలి, వేలు గుచ్చి చక్కెర చూడాలి, టేపుతో నడుం కొలవాలి. ఇవన్నీ కార్డుకు ముందువైపు. రోగం ముదిరాక మంచం ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తడం కన్నా గుమ్మంలోనే దాన్ని పట్టుకోవడం మేలని శిక్షణలో చెప్పారు. మాట మంచిదే. కార్డు వెనకవైపు మనసుది. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోకుండా ఉందా, దిగులుగా ఉందా, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఇలా తొమ్మిది ప్రశ్నలు. అస్సలు లేదంటే సున్నా, కొన్నాళ్లంటే ఒకటి, సగం రోజుల పైన అంటే రెండు, దాదాపు రోజూ అంటే మూడు. నిద్ర ఆకలీ బాగున్నా సున్నాయే. కూడితే పది దాటిందా, ఆ మనిషిని బీపీ అక్కే వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ మనసు డాక్టరు వారానికి ఒకరోజు వస్తాడని గోడకు బోర్డు ఉంటుంది. బోర్డు మాత్రం రోజూ ఉంటుంది.

మొదటి నెలలో ఆమె నిజంగానే అడిగింది. ఒక ఇంట్లో రెండో ప్రశ్న దగ్గరే ఒక పెద్దావిడ ఏడుపు అందుకుంది. గంటన్నర. పన్నెండు ఇళ్లు చూడవలసిన రోజు మూడే చూసి, ఆ గంటన్నర బరువూ మోసుకుని ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలగలేదని అత్తయ్య, బడి నుంచి వచ్చిన పిల్లకు తాళం తీసేవాళ్లు లేరని భర్త. మర్నాడు సూపర్‌వైజరమ్మ పక్కకు పిలిచింది. ఆవిడ చెడ్డదేమీ కాదు, తల మీద ఇరవై ఇద్దరు వర్కర్ల కార్డులు, పాదాల్లో నీరు, చేతిలో ఎప్పుడూ మోగే ఫోను. కార్డుకు ముందువైపు రోగం ఉంటుంది, వెనకవైపు కథలుంటాయి, కథలు వింటూ కూర్చుంటే దేశం ఎప్పటికి పూర్తయ్యేను, సున్నాలు పెట్టెయ్ అంది. అందరూ పెడుతున్నారు అని కూడా అంది. అదీ నిజమే. హెల్త్ సెంటర్లో మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచినప్పుడు ఎవరెప్పుడు పెడతారో చెప్పుకుని నవ్వుకునేవారు. ఒకామె బస్సులో పెడుతుందట. ఇంకొకామె బిడ్డకు పాలిస్తూ పెడుతుందట. ఈమె పాలు కాస్తూ.

శిక్షణ మొదటిరోజు సంగతి ఒకటి ఆమెకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంటుంది. మిషను వాడకం చూపించడానికి సెంటరు డాక్టరుగారు, ముందు వరసలో ఉంది కదా అని, ఈమె చేతినే అడిగి తీసుకున్నాడు. పట్టీ చుట్టాడు. గుయ్యిమని గాలి నిండి చెయ్యి బిగిసి, మెల్లగా వదిలింది. నూట యాభై ఎనిమిది, వంద. డాక్టరుగారు అంకె చూసి, మిషను తేడాగా ఉన్నట్టుంది, ఇంకో చెయ్యి చూద్దాం అని పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. ఆ పిల్లకు సరిగ్గా వచ్చింది. గదిలో అందరూ నవ్వారు, ఈమె అందరికన్నా గట్టిగా నవ్వింది. తప్పు మిషనుదే అని నమ్మింది. నమ్మడం తేలిక. తప్పు తనదైతే ఉప్పు తగ్గించుకోవాలి, మందు వేసుకోవాలి, పొద్దున అరగంట నడవాలి. ఆ అరగంట ఎక్కడి నుంచి తీస్తుంది. ఊరందరికీ చెప్పే ఆ అరగంట ఆమె రోజులో ఏ మూలా లేదు. తన కార్డు తనే నింపుకుంది. ముందువైపు నూట ఇరవై, ఎనభై. వెనకవైపు తొమ్మిది సున్నాలు.

దర్జీ ఇల్లు సందు చివర. ముందు గది కొట్టు, వెనక గది కాపురం. దర్జీ భార్యను వీధిలో గుండీలమ్మాయి అనేవారు. మొగుడు కుట్టిన చొక్కాలకు గుండీలు కుట్టడం ఆమె పని. అరచేతి లోతు పళ్లెంలో తెల్ల గుండీలు, నోట్లో దారం, ఒళ్లో చొక్కాల కుప్ప. దారం పంటితో పుటుక్కున కొరికేది. కత్తెర మొగుడి దగ్గరుంటుంది, అడిగితే కుట్టు ఆగుతుంది, అందుకని పళ్లే కత్తెర.

బీపీ అక్క వెళ్లిన మధ్యాహ్నం దర్జీ కుట్టు మిషను మీద నుంచి కాలు తియ్యకుండానే అన్నిటికీ జవాబు చెప్పాడు. దానికేమక్కా, ఉక్కుపిండం, ముందు నాకు చూడండి, ఈ వచ్చేవాళ్లతో వేగలేక నాకే పెరిగి ఉంటుంది అన్నాడు. అతనికి కొద్దిగా ఎక్కువే ఉంది. ఆ అమ్మాయికి నూట పదహారు, డెబ్బై నాలుగు. చూశారా నేను చెప్పలే అన్నాడు, ఆ అంకె తనే కుట్టిపెట్టినట్టు. బీపీ అక్క పట్టీ విప్పబోయింది. అప్పుడు ఆ అమ్మాయి రెండో చెయ్యి తెచ్చి పట్టీ మీద పెట్టింది. చాలా మెల్లగా, నోట్లో దారం ఉండగానే మాట్లాడింది.

"అక్కా, ఇంకాసేపు ఉంచవా? ఎవరో చెయ్యి పట్టుకున్నట్టుంది."

దర్జీ పెద్దగా నవ్వాడు. దీని చోద్యం చూడండక్కా, మిషనుతో స్నేహం కడుతుందట అన్నాడు. బీపీ అక్క కూడా నవ్వింది. ఇంకా ఏడిళ్లు ఉన్నాయి. వచ్చే నెల వస్తాగా, అప్పుడు నీ ఇష్టం వచ్చినంతసేపు అంది. పట్టీ చర్రున ఊడదీసింది. సంచీలోంచి కార్డు తీసింది. ముందువైపు అంకెలు వేసింది. వెనకవైపు పొద్దునే అయిపోయింది కదా, పైన పేరు రాయడానికి మాత్రం ఖాళీ ఉంది. రాసింది. సంతకం పెట్టింది. వచ్చేసింది.

ఆ మధ్యాహ్నానికి పదకొండో రోజు పొద్దున ఆ సందు నిండా చెప్పులు. భార్యకు గుండె ఆగిపోయిందని దర్జీ అన్నాడు. ఎలా పోయినా ఆఖర్న ఆగేది గుండేగా. ఆ అమ్మాయి దాన్ని తనే ఆపుకుందని వీధంతా చెవులు కొరుక్కుంది. అయిదు రోజులు పోయాక పోలీసు స్టేషన్ నుంచి ఒక అధికారి సెంటరుకు వచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు, మంచినీళ్లు తాగాడు, ప్లాస్టిక్ కవరులోంచి కార్డు తీసి వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టాడు.

"ఈ రాత మీదేనా?"

నాదేనంది. సంతకమూ మీదేనా అంటే అదీ నాదేనంది. అయితే దిగులు, నిద్ర పట్టకపోవడం, అలాంటివేమీ లేవన్నమాట అన్నాడు. అది ప్రశ్న కాదు. అప్పటికే రాసుకుంటున్నాడు. ఆమె సూపర్‌వైజరమ్మ వైపు చూసింది. సూపర్‌వైజరమ్మ కిటికీ వైపు చూసింది. కిటికీలో ఏమీ లేదు. అబద్ధం ఆడలేదు నేను అనుకుంది ఆమె ఇంటికి నడుస్తూ. రాత నాదే, సంతకం నాదే. అడిగినదానికి చెప్పాను, అడగనిది చెప్పలేదు. ఈ మాటే రోజుకు పదిసార్లు అనుకునేది, పదిసార్లూ ఒక్క మెట్టు కిందికి దిగినట్టు ఉండేది.

మూడు వారాలకు గుండీలమ్మాయి తల్లి వచ్చింది. పొట్టి మనిషి, బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది, చెప్పులు బయటే విడిచి సెంటరు అరుగు మీద కూర్చుంది. చేతిలో కార్డు నకలు. ఆవిడకు చదువు రాదు. స్టేషన్‌లోనూ అల్లుడి ఇంట్లోనూ చదివి చెప్పమంటే అన్నీ సున్నాలే ముసలమ్మా, చదవడానికేముంది అన్నారట. ఇది రాసింది నువ్వేనట గదమ్మా అని అడిగింది. తన పిల్లను తొమ్మిది ప్రశ్నలు అడిగారట, పుట్టి ముప్పై రెండేళ్లకు దాన్ని కూర్చోబెట్టి ఎవరో ఒకరు అడిగారట, అది ఏ ప్రశ్నకు ఏం చెప్పిందో ఒక్కొక్కటీ వినాలని ఉందట.

చదవక తప్పలేదు. మొదటి ప్రశ్న చదివింది. లేదని చెప్పిందా అని అడిగింది తల్లి. సున్నా అంటే లేదనే. రెండోది చదివింది. మూడోది నిద్ర గురించి. అక్కడ తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"నిద్ర బాగానే పడుతోంది అందా?"

బీపీ అక్క కాయితం మీదికి వంగింది. తల ఊపిందో లేదో తనకే తెలియదు. తల్లి మాత్రం ఊపిందనే అనుకుంది. కాయితం వెనక్కి తీసుకుని నాలుగుగా మడిచింది. ఆర్నెల్లుగా రెప్ప పడటం లేదమ్మా అని ఫోనులో తనతో అనేదట. వచ్చెయ్యవే అంటే చొక్కాలు ఆగిపోతాయి అనేదట. స్టేషన్‌లో ఈ మాటే చెబితే అల్లుడి తరఫువాళ్లు ముసల్దాని కట్టుకథలన్నారట, సర్కారు కార్డు చూపించారట. నేనే తప్పుగా విన్నానేమో, ఈ చెవులు కూడా సరిగా పనిచెయ్యట్లేదు, కార్డు అబద్ధం చెప్పదుగా అంది తల్లి. చెప్పులు వేసుకుని, ఎండలోకి నడిచి వెళ్లిపోయింది. మిగతా ఆరు ప్రశ్నలు చదవమని అడగలేదు.

అప్పటి నుంచి మొదలైంది. అది దయ్యం కాదు, దయ్యమైతే భయపడి ఊరుకునేది. పట్టీకి అంటుకునే గరుకు భాగం ఉంటుంది చూడండి, దాంట్లో ఒక తెల్లదారం ముక్క చిక్కుకుని ఉండటం కనబడింది. ఆ రోజు ఆ అమ్మాయి చొక్కా చేతి నుంచో, వేళ్ల నుంచో అంటుకుని వచ్చింది. తీద్దామని గోటితో లాగింది, సూదితో లాగింది, రాలేదు. లాగినకొద్దీ లోపలికి పోయింది. ఇక ఏ ఇంటికి వెళ్లి ఎవరి చేతికి పట్టీ చుట్టినా ఆ దారం వాళ్ల చర్మాన్ని తగులుతూనే ఉంటుంది. గాలి నిండి పట్టీ బిగిసే ఆ నాలుగు క్షణాలూ గది ఏదైనా సరే, మిట్టమధ్యాహ్నం, పిల్లలు అరుస్తున్నా టీవీ మోగుతున్నా, ఆమె చెవి పక్కనే పుటుక్కున దారం కొరికిన చప్పుడు వినిపించేది. పట్టీ వదులైనప్పుడు ఎదుటి మనిషి మొహం చూసేది, ఏమన్నా అంటారేమోనని. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎంతుందక్కా అనేవారు.

పొద్దున పాల దగ్గర పెన్ను కదిలేది కాదు. సున్నా మొదలుపెట్టి చుట్టూ తిప్పి కలపబోయేసరికి అది నోరులా కనబడేది. తెరిచిన నోరు, మూసేది తన చెయ్యి. రెండుసార్లు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఊళ్లోవాళ్ల నాడి చూసే మహాతల్లికి ఇంట్లో పాలెప్పుడు పొంగుతాయో తెలీదు అని అత్తయ్య. నీకేం తక్కువైందని ఆ మొహం అని భర్త. అతను చెడ్డవాడు కాదని అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. గోదాములో సరుకు లెక్క చూసే ఉద్యోగం, చెయ్యి ఎత్తడు, తాగడు. పెళ్లైన పద్దెనిమిదేళ్లలో ఆమెను ఎలా ఉన్నావని అడగలేదు, అంతే. బాగానే ఉన్నావుగా అంటాడు. ఆ స్టేషన్ అధికారి కూడా అలాగే అడిగాడు కదా అని ఒకరోజు అతనికి అన్నం వడ్డిస్తూ హఠాత్తుగా తోచి, గరిటె చేతిలోనే ఉండిపోయింది. ముందే రాసుకున్న జవాబుకు తల ఊపించుకోవడం. మరి తను వీధిలో రెండేళ్లుగా చేస్తున్నది ఏమిటి. తను ఊపించుకోవడం కూడా లేదు.

ఇంతలో పైనుంచి కబురొచ్చింది. వార్డులన్నిటి కార్డులూ రాజధానిలో కంప్యూటరు కూడింది. కార్డు నింపిన ప్రతి ఇంట్లోనూ వెనకవైపు సున్నా వచ్చిన వార్డు ఒకటే ఉందట. మిగతా వర్కర్లు తెలివిగా అక్కడక్కడా ఒకట్లూ రెండ్లూ చల్లారు. ఈమెకు ఆ తెలివి లేదు, మొదటి నెల కార్డులు ముసురుకు తడిసి పోయాయి, మిగిలినవన్నీ నిఖార్సైన సున్నాలు. జాతీయ బృందం వస్తోంది, గురువారం సెంటర్లో మీటింగు, ఉత్తమ వార్డుకు ప్రశంసాపత్రం, వర్కరు నాలుగు మాటలు మాట్లాడాలి. సూపర్‌వైజరమ్మ ఆ నాలుగు మాటలు కాయితం మీద రాసి ఇచ్చింది. ఈమె మొహం చూసి, చెయ్యి పట్టుకుని మూలకు తీసుకెళ్లింది.

"నీ లోపల ఏముందో నాకు తెలుసు. నాకు మాత్రం నిద్ర పడుతోందనుకున్నావా? కానీ నా కింద ఇరవై ఇద్దరున్నారు. నువ్వు నోరు తెరిస్తే అందరి పొయ్యిలూ ఆరిపోతాయి."

అది కూడా నిజమే. ఈ కథలో అబద్ధాలు చెప్పినవాళ్లు తక్కువ. అందరూ ఎవరికి కావలసిన నిజం వాళ్లు చెప్పినవాళ్లే. భర్తకు చెబితే, చచ్చినావిడ ఎలాగూ రాదు, ఉన్న ఉద్యోగం ఎందుకు పోగొట్టుకోవడం అన్నాడు. గురువారం ఫోటో తీస్తారుగా, ఆ నీలంరంగుది కట్టుకో, గోదాములో చూపిస్తా అన్నాడు.

బుధవారం పొద్దున అత్తయ్యకు బీపీ చూసే రోజు. ఇంట్లోవాళ్ల కార్డులు కూడా వార్డు లెక్కలోకే వస్తాయి. అత్తయ్య మంచం మీద చెయ్యి చాపి, త్వరగా కానీయవే, టీ చల్లారిపోతుంది అంది. పట్టీ చుట్టింది. బిగిసింది. పుటుక్కుమంది. వదిలింది. అంకె రాసుకుంది. కార్డు వెనక్కి తిప్పింది. ఆ రోజు ఆ వెనకవైపు ఖాళీగా ఉంది. వారం నుంచి అన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"అత్తయ్యా, ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోకుండా ఉందా?"

అత్తయ్య కోడలికేసి అనుమానంగా చూసింది. నాకు పనులేం మిగిల్చావు, మనసు పోవడానికి అంది. ఒకటి వేసుకోవాలా రెండా అని అడిగింది ఈమె. ఏంటే ఈ కొత్త వేషం అంది అత్తయ్య. ఈమె కదల్లేదు. రెండోది అడిగింది, మూడోది అడిగింది. అత్తయ్య వెటకారం ఒక్కో ప్రశ్నకూ కాస్త కాస్త పలచబడింది. నేనెవరికీ ఎందుకూ కొరగానని అనిపిస్తోందా అన్న ప్రశ్నకు గోడవైపు తిరిగి రోజూ అంది. రోజూనే అంది మళ్లీ, కోడలు రాసుకోలేదేమోనన్నట్టు. మూడు వేసింది. సున్నాలు మొదలయ్యాక ఆ పెన్ను రాసిన మొదటి మూడు.

తొమ్మిదోది కూడా అడిగింది. బతికి ఉండటం కన్నా పోవడమే మేలనిపించిందా. అత్తయ్య టీ గ్లాసు అందుకుంది.

"ఇప్పుడు కాదు. నీ మొగుడు నెలల పిల్లాడప్పుడు." గ్లాసు చేతిలో తిప్పుతూ అంది. "వాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టి గుమ్మం దాటాను. సందు చివరిదాకా పోయాను. పొయ్యి మీద పాలున్నాయని గుర్తొచ్చింది. పొంగిపోతే మీ మావయ్య చంపేస్తాడని వెనక్కి పరిగెత్తుకొచ్చా."

ఆ మాటకు తనే నవ్వింది. చావబోయి, చంపేస్తాడని భయపడి వెనక్కొచ్చా చూడు, నా అంత తెలివైనది ఉండదు అంది. కోడలు నవ్వలేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదా అని అడిగింది. ఎవరు అడిగారు గనక అంది అత్తయ్య. అని, ఇంకో సంగతి కూడా అంది, నువ్వు ఆ పాల దగ్గర నిలబడి గుండ్రాలు చుడుతుంటే రోజూ ఇక్కణ్ణించి చూసేదాన్ని, పిల్ల ఏ ముగ్గులో వేసుకుంటోంది పోనీలే అనుకునేదాన్ని, అవి మావేనా. కోడలు తల వంచుకుని పట్టీ మడత పెట్టసాగింది. అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు, ఈ ఇంట్లో అలాంటి అలవాటు లేదు. వెంటనే వదిలేసి, కూర మాడుతున్నట్టుంది చూడు అంది.

ఆ మధ్యాహ్నం ఆమె వార్డుకు వెళ్లలేదు. దర్జీ పొరుగువాళ్లను అడిగి, బస్సెక్కి, వాళ్లు చెప్పిన చిరునామా పట్టుకుని, గుండీలమ్మాయి తల్లి ఇంటి గుమ్మం ముందు నిలబడింది. అన్నీ చెప్పేద్దామనే వెళ్లింది. తలుపు తీసిన ముసలావిడ మొహం చూశాక ఒక్కటే అనగలిగింది.

"పెద్దమ్మా, రేపు పదింటికి సెంటరుకు రండి. మీ అమ్మాయి నాతో చెప్పింది ఒకటుంది. కార్డులో రాయలేదు."

గురువారం సెంటర్లో కుర్చీలు చాల్లేదు. ముందు వరసలో రాజధాని నుంచి వచ్చిన బృందం, వాళ్లలో పెద్దావిడ ఒక డాక్టరు, కళ్లజోడు, నెమ్మదైన మనిషి. వెనక గోడను ఆనుకుని మిగతా ఇరవై ఒక్కమంది వర్కర్లు. గుమ్మం దగ్గర, చెప్పులు బయట విడిచి, నేల మీద కూర్చున్న పొట్టి ముసలావిడ. ఈమె నీలంరంగుదే కట్టుకుని ముందు బల్ల పక్కన నిలబడింది. ఉపన్యాసాలు అయ్యాయి. గుమ్మంలోనే రోగాన్ని పట్టుకోవడం గురించి, దేశం గురించి, మనసు గురించి. పనితీరు ఒకసారి చూపించండి అంది పెద్ద డాక్టరు. సెంటరు డాక్టరుగారు హుషారుగా లేచి, అలవాటు ప్రకారం, దగ్గర్లో ఉన్న చెయ్యి అందుకున్నాడు. అది మళ్లీ ఈమెదే. ఈమె మిషనే తీసుకుని, ఈమె పట్టీయే చుట్టాడు. దారం చర్మానికి తగిలింది. ఇన్నాళ్లూ ఊళ్లో అందరి చేతులకూ చుట్టింది గానీ తన చేతి మీద అది ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. చిన్న పిల్లల గోరు ఆనినట్టుంది. గాలి నిండింది, చెయ్యి బిగిసింది.

బిగిసినప్పుడు తెలిసింది. నిజంగానే ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

నూట డెబ్బై రెండు, నూట ఎనిమిది. డాక్టరుగారు అంకె చూసి నవ్వి, ఈ మిషన్లు ఎప్పుడూ ఇంతేనండి, ఇంకో చెయ్యి చూద్దాం అని పట్టీ విప్పబోయాడు. గదిలో నవ్వులు. ఆమె రెండో చెయ్యి తెచ్చి పట్టీ మీద పెట్టింది.

"మిషను బాగానే ఉందండీ. కార్డే తప్పు."

నవ్వులు ఆగాయి. సూపర్‌వైజరమ్మ కళ్లు మూసుకుంది. పెద్ద డాక్టరు కళ్లజోడు సర్దుకుని, ఏ కార్డమ్మా అని అడిగింది. ఆ అడగడం నిజంగా అడిగినట్టే ఉంది, జవాబు ముందే రాసుకున్నట్టు లేదు. అందుకని చెప్పింది. వార్డులో అందరి వెనకవైపులూ నేనే నింపాను, ఎవర్నీ అడగలేదు, పొద్దున పాలు పొంగేలోపు నింపాను అని చెప్పింది. మిగతా ఇరవై ఒక్కమంది గురించి ఏమీ చెప్పలేదు. వాళ్ల చేతులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. తనకు పన్నెండు ఇళ్లకు ఒక రోజు ఇచ్చారని మాత్రం చెప్పింది, ఒక మనిషి గుండె విప్పడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ కొలవలేదని చెప్పింది. పట్టీ ఇంకా చేతికే ఉంది.

తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

"పెద్దమ్మా, మీ చెవులు సరిగ్గానే విన్నాయి. మీ అమ్మాయి నిద్ర పడుతోందని నాతో అనలేదు. నేను అడిగితే కదా. తనంతట తను నాతో అన్నది ఒక్కటే మాట, అది విని నేను నవ్వాను."

ముసలావిడ గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. ఏమందమ్మా అని అడిగింది. బీపీ అక్క పట్టీ ఉన్న చేతిని అలాగే చాపి, వరసల మధ్య నుంచి ఆమె దగ్గరకు నడిచింది. మిషను వెనకాలే వేలాడుతూ వచ్చింది.